ఆఫ్‌సెట్ స్మోకర్‌లో వేడి నిలవాలంటే మంటను చిన్నది చేయండి

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. బెంగళూరు మారతహళ్లిలో ఇంటి డాబా మీద కొత్తగా కొన్న చిన్న ఆఫ్‌సెట్ స్మోకర్, పలుచటి రేకుది. అంటే మాంసాన్ని పొగలో నెమ్మదిగా వండే పొయ్యి: నిప్పు ఒక పక్కనున్న ఫైర్‌బాక్స్‌లో, మాంసం దాని పక్కనున్న ఛాంబర్‌లో. వీడియోలో చూసినట్టే ఫైర్‌బాక్స్ నిండా బొగ్గు పోసి, పైన కొంచెం రాజేసిన నిప్పులు, రెండు మూడు కట్టె ముక్కలు పెట్టారు. మొదట 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొరాయించిన థర్మామీటర్ ముల్లు కాసేపటికి 190కి ఎక్కింది. టెన్షన్‌లో ఇన్‌టేక్ (ఫైర్‌బాక్స్‌లోకి గాలి వచ్చే తలుపు) మూశారు, పొగ గొట్టం కూడా సగం మూశారు. వేడి దిగింది కానీ తెల్లటి దట్టమైన పొగ మొదలైంది. తెరిస్తే మళ్లీ ఎక్కింది. సాయంత్రం దాకా ఇదే తంతు. చివరికి చికెన్ చేదుగా, తోలు రబ్బరులా సాగుతూ వచ్చింది. ఇప్పుడు ఫ్యాన్‌తో నడిచే ఆటోమేటిక్ కంట్రోలర్ కొంటే బాగుపడుతుందా అని అడుగుతున్నారు.

ఇప్పుడే కొనకండి. ఎందుకో చివర్లో చెప్తాను, ముందు మంట సంగతి చూద్దాం.

మీరు పెద్ద మంట వేసి, దాని గొంతు నొక్కి వేడి తగ్గించాలని చూశారు. కట్టెల పొయ్యి మీద వండిన వాళ్లెవరూ ఇలా చేయరు. సెగ ఎక్కువైతే కట్టెను వెనక్కి లాగుతారు, తక్కువైతే ఎగదోస్తారు, అంతే తప్ప పొయ్యి నోటికి మూత పెట్టరు. ఆఫ్‌సెట్‌లో కూడా వేడిని నిర్ణయించేది ఆ క్షణంలో ఎంత బొగ్గు, ఎంత కట్టె మండుతున్నాయన్నదే. గాలి తలుపులు ఉన్నది చివరి పది పదిహేను డిగ్రీలు సర్దుకోవడానికి. మంట పరిమాణమే తప్పయితే తలుపులతో ఎంత కుస్తీ పట్టినా ముల్లు నిలవదు.

ఈ స్మోకర్‌కి మోటారు లేదు, ఫ్యాన్ లేదు. పొగ గొట్టంలోని వేడి గాలి తేలికై పైకి పోతుంటుంది. దాని వెనకే ఛాంబర్‌లోని గాలి, ఆ వెనక ఫైర్‌బాక్స్‌లోని గాలి, ఆ వెనక ఇన్‌టేక్ నుంచి బయటి గాలి వరసగా లాక్కుంటూ వస్తాయి. ఈ లాగుడు బాగుంటే నిప్పు బాగుంటుంది. గొట్టం సగం మూయగానే లాగుడు పడిపోతుంది. పొగ ఛాంబర్‌లోనే తచ్చాడుతుంది, చల్లగా తడిగా ఉన్న మాంసం మీద తారులా పేరుకుంటుంది. మీ చేదుకు సగం కారణం అదే. అందుకే మాంసం పెట్టినప్పటి నుంచి తీసేదాకా పొగ గొట్టం మూత బార్లా తెరిచే ఉంచండి. కొంచెం మూస్తే వేడి బాగా నిలుస్తుందని చెప్పేవాళ్లు ఉన్నారు. మందపాటి ఇనుముతో చేసిన పెద్ద స్మోకర్ల మీద చేయి తిరిగినవాళ్లకు అది చెల్లుతుందేమో, మీ రేకు స్మోకర్‌లో మాత్రం వద్దు. పని అయిపోయాక నిప్పు ఆర్పడానికే ఆ మూత అనుకోండి.

ఇక ఇన్‌టేక్. బొగ్గుకూ కట్టెకూ గాలి విషయంలో పెద్ద తేడా ఉంది. ఇది పట్టుబడితే సగం పని అయిపోయినట్టే. కట్టెను గాలి తగలకుండా కాల్చి, అందులోని ఆవిర్లను, తారును పంపించేశాక మిగిలింది బొగ్గు. కాబట్టి బాగా రాజుకున్న బొగ్గుకు గాలి తగ్గిస్తే అది నెమ్మదిగా కాలుతుంది తప్ప పెద్దగా పొగ రాదు. కట్టె అలా కాదు. వేడి తగలగానే దాన్నుంచి మండే వాయువులు బయటికొస్తాయి. వాటికి మంట అంటుకుంటే శుభ్రంగా కాలిపోతాయి, గొట్టం దగ్గర నీలంగా, కనీకనపడనట్టు పలుచటి పొగ మిగులుతుంది. మంట అంటుకోకపోతే అవే తెల్లటి దట్టమైన పొగై, తారు తుంపరలై మాంసం మీద వాలతాయి. కనుక లోపల నిప్పులు మాత్రమే ఉన్నప్పుడు ఇన్‌టేక్ కొంచెం మూయొచ్చు. కట్టె ముక్క వేసినప్పుడు మాత్రం అది భగ్గున అంటుకుని మంట నిలదొక్కుకునే దాకా ఇన్‌టేక్ బాగా తెరిచే ఉంచాలి. మీరు సరిగ్గా కట్టె మండాల్సిన సమయంలోనే మూశారు.

మీరు చూసిన వీడియోలోది బహుశా మినియన్ పద్ధతి. జిమ్ మినియన్ అనే అమెరికన్ పేరు మీద వచ్చింది. రాజుకోని బొగ్గు నిండుగా పోసి పైన కొద్దిగా నిప్పులు పెడితే, అవి గంటల తరబడి మెల్లగా ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటాయి. మంచి పద్ధతే, కాకపోతే గాలి చొరబడని స్మోకర్‌లకు పుట్టింది. నిలువు బుల్లెట్ స్మోకర్లలో అద్భుతంగా పనిచేస్తుంది. మీ దాంట్లో మూత అంచుల నుంచి, ఫైర్‌బాక్స్ తలుపు సందుల నుంచి, అతుకుల నుంచి గాలి దూరుతూనే ఉంటుంది. ఇన్‌టేక్ పూర్తిగా మూసినా ఆ సందుల గాలి చాలు, పోసిన బొగ్గంతా రాజుకోవడానికి. అంతా రాజుకున్నాక ఇక 190 కాక ఏమవుతుంది? లీకులు కట్టేదాకా ఆ పద్ధతి పక్కన పెట్టండి.

దాని బదులు నిప్పులు విడిగా రాజేసి, కొద్దికొద్దిగా వేసే పద్ధతి పట్టుకోండి. చిమ్నీ స్టార్టర్ (బొగ్గు నింపి, కింద కాగితం ముట్టించి రాజేసే ఇనుప గొట్టం) ఒకటి తప్పనిసరి. కిందిభాగంలో న్యూస్‌పేపర్ ఉండచుట్టి, దాని మీద ఒక చెంచా వంటనూనె చల్లితే కాగితం ఎక్కువసేపు మండుతుంది. పై బొగ్గుల మీద నివురు తెల్లగా పట్టేసరికి 15 నుంచి 20 నిమిషాలు. కిరోసిన్, పెట్రోలు దగ్గరికి కూడా రానివ్వకండి. కర్పూరం వేసేవాళ్లనూ చూశాను, ఆ వాసన తిండి దగ్గర నాకు గిట్టదు.

మొదటి చిమ్నీ నిండా నిప్పులు ఫైర్‌బాక్స్‌లో ఒక మూలకు కుప్పగా పోయండి. పరచకండి, పరిస్తే ఒకదాని వేడి ఒకదానికి అందక చప్పబడతాయి. ఇన్‌టేక్, గొట్టం రెండూ పూర్తిగా తెరిచి, ఖాళీ స్మోకర్‌ను అరగంటపైనే వేడెక్కనివ్వండి. ఇనుము వేడెక్కకుండా ముల్లు చెప్పే అంకెకు అర్థం లేదు. మీకు కావలసింది 125 అనుకుంటే, 105, 110 దగ్గరే ఇన్‌టేక్ సగానికి తగ్గించడం మొదలుపెట్టండి. ఎక్కించడం సులువు, దించడం కష్టం. ఇనుములో దాచుకున్న వేడి అంత త్వరగా వదలదు.

ఆ తర్వాత గంటకోసారి అటూ ఇటూగా అర చిమ్నీ నిప్పులు, మధ్యమధ్యలో ఒక్కొక్క కట్టె ముక్క. రెండు బొటనవేళ్లంత లావు, జానెడు పొడవు ముక్క చాలు మీ ఫైర్‌బాక్స్‌కి. వేసేముందు దాన్ని ఫైర్‌బాక్స్ పైన పెట్టి వేడి చేయండి. వేడెక్కిన ముక్క నిప్పుల మీద పెట్టగానే అంటుకుంటుంది, చల్లటి ముక్క చాలాసేపు పొగలు కక్కుతుంది. ముక్క వేశాక ఫైర్‌బాక్స్ తలుపు ఒక నిమిషం ఓరగా తెరిచి పెట్టండి, మంట లేచాక మూయండి. ఆ నిమిషంలో ముల్లు ఎక్కుతుంది, ఎక్కనివ్వండి. కాసేపటికి దిగుతుంది. 115కూ 135కూ మధ్య ఊగుతుంటే మాంసానికి ఏ నష్టమూ లేదు, అది సగటునే చూస్తుంది. ఇన్‌టేక్‌ను ఒకసారి కదిపాక కనీసం పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. రెండు నిమిషాలకోసారి కదిపేవాడు నిజానికి పది నిమిషాల కిందటి మంటతో పోట్లాడుతుంటాడు.

ముల్లు పడిపోతుంటే ముందు ఇన్‌టేక్ తెరవకండి, లోపలికి తొంగి చూడండి. నిప్పులు తరిగిపోయి ఉంటే గాలి ఇచ్చి లాభం లేదు, ఉన్నవి ఇంకా త్వరగా అయిపోతాయి. నిప్పులు ఉండి కూడా వేడి లేకపోతే బూడిద చూడండి. బొగ్గు కూర్చునే ఇనుప జాలీ కింద బూడిద నిండితే గాలికి దారి మూసుకుపోతుంది. చిన్న స్మోకర్లలో ఆ జాలీ అడుగుకు మరీ దగ్గరగా ఉంటుంది. రెండు ఇటుక ముక్కల మీద ఎత్తి, కింద నాలుగు వేళ్ల సందు ఉండేలా చూసుకోండి. గంటన్నరకోసారి ఇనుప చువ్వతో నిప్పులను మెల్లగా కదిపితే బూడిద రాలిపోతుంది. గట్టిగా కెలికితే ఆ బూడిద ఎగిరి మాంసం మీద పడుతుంది, జాగ్రత్త.

మీ ముల్లు చెప్పే అంకెను నేను ఇంకా నమ్మడం లేదు. మూత మీద బిగించిన డయల్ ఎత్తులో ఉంటుంది, మాంసం కింద జాలీ మీద ఉంటుంది. రెండింటికీ 20 డిగ్రీల తేడా రావడం మామూలే. ఎస్పీ రోడ్డులో తీగతో వచ్చే డిజిటల్ థర్మామీటర్ ప్రోబ్ ఒకటి కొనుక్కోండి, తీగ వేడికి తట్టుకునే రకమో కాదో అడిగి మరీ తీసుకోండి. ప్రోబ్‌ను మాంసానికి అంగుళం పక్కన, జాలీ ఎత్తులో నిలబెట్టాలి. కొన్నాక మరిగే నీళ్లలో ముంచి చూడండి, కాకపోతే బెంగళూరులో 100 చూపిస్తుందని ఎదురుచూడకండి. మనం సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్నాం, ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. 97 చూపిస్తే మీ ప్రోబ్ సరైనదే, పాడైందని షాపుకు తిరిగి పట్టుకెళ్లకండి. సముద్రం ఒడ్డునున్న చెన్నైలో పరీక్షిస్తే అదే ప్రోబ్ 100 చూపిస్తుంది. ఐసు ముక్కలు నిండా వేసిన నీళ్లయితే ఎక్కడైనా సున్నానే.

ఇంకో సంగతి, అమెరికా వంటకాల్లో రాసే 225, 250, 275 అన్నీ ఫారెన్‌హీట్. మన లెక్కలో 107, 121, 135. కొన్ని డయళ్లలో రెండు వరసల అంకెలు ఉంటాయి. మీరు చదివింది ఏ వరసో ఒకసారి చూసుకోండి.

ఫైర్‌బాక్స్ వైపు కొస, గొట్టం వైపు కొస ఒకే వేడిలో ఉండవు. ఎక్కడ ఎంత తేడా ఉందో తెలియాలంటే మాంసం వృథా చేయక్కర్లేదు. 150 దగ్గర నిలబెట్టి, జాలీ మీద ఈ చివర నుంచి ఆ చివరికి బ్రెడ్ ముక్కలు పరచండి. పావుగంట తర్వాత ఏ ముక్క ఎర్రబడిందో, ఏది తెల్లగానే ఉందో చూస్తే మీ స్మోకర్ మ్యాప్ దొరికేస్తుంది. ఫైర్‌బాక్స్ పక్కనున్నది మాడిపోతే, అక్కడ ఒక పళ్లెంలో మరుగునీళ్లు పోసి పెట్టండి. నేరుగా తగిలే సెగను అది అడ్డుకుంటుంది, నీళ్లు ఆవిరవుతూ వేడి హెచ్చుతగ్గులను కొంత మింగుతాయి. చన్నీళ్లు పోస్తే వాటిని కాచడానికే మీ బొగ్గు ఖర్చవుతుంది.

లీకులు కట్టడం ఒక్క సాయంత్రం పని. చీకటి పడ్డాక లోపల టార్చి పెట్టి మూత వేస్తే ఎక్కడెక్కడ వెలుతురు కనిపిస్తుందో అక్కడల్లా గాలి దూరుతున్నట్టే. ఛాంబర్ మూత అంచుకు గ్లాస్ ఫైబర్ తాడు అంటించండి. ఇంజన్లకు వాడే వేడికి తట్టుకునే సిలికాన్ జేసీ రోడ్డులో దొరుకుతుంది, ఛాంబర్ బయటివైపు అతుకులకు సరిపోతుంది, మాంసానికి తగిలే చోట వద్దు. ఫైర్‌బాక్స్ అతుకుల దగ్గర సిలికాన్ మాడిపోతుంది, అక్కడ ఫర్నేస్ సిమెంట్ పూయాలి. తలుపు సరిగా పడకపోతే రెండు బిగింపులు వెల్డింగ్ చేయించండి. కిటికీ గ్రిల్లులు చేసే ఏ షాపు వాడైనా చేస్తాడు.

అదే వెల్డింగ్ షాపులో బొగ్గుల బుట్ట కూడా చేయించుకోండి, వజ్రాకారం కన్నాల ఇనుప జాలీతో, జానెడు పొడవు, జానెడు వెడల్పు. నిప్పులు కుప్పగా నిలబడతాయి, బుట్ట మొత్తంగా అటూ ఇటూ జరపొచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: జీఐ (జింకు పూత వేసిన ఇనుము) వద్దు, మామూలు ఎంఎస్ (పూత లేని మైల్డ్ స్టీల్) ఇనుమే కావాలని. చవక అనో, తుప్పు పట్టదనో వాళ్లు జీఐ రేకు అంటగడతారు. దాని మీది జింకు పూత నిప్పుల వేడికి పొగై లేస్తుంది, అది పీల్చడం ప్రమాదం. పొగ గొట్టం మార్చినా ఇదే మాట.

పీణ్యా పారిశ్రామికవాడలో కొత్త స్మోకరే చేయించుకుంటే ఎలా ఉంటుందని కూడా అడిగారు. చేయించుకోవచ్చు, మందం ఉంటే వేడి నిలకడగా ఉంటుంది. కానీ 6 మిల్లీమీటర్ల ఎంఎస్ ప్లేటు చదరపు మీటరుకు 47 కిలోలు తూగుతుంది. మొత్తం స్మోకర్‌ను మూడో అంతస్తు డాబా మీదికి ఎవరు మోస్తారో ముందు తేల్చుకోండి. ఇప్పుడున్న దానిలోనే ఛాంబర్ అడుగున నాలుగు ఫైర్‌బ్రిక్స్ (వేడికి తట్టుకునే ఇటుకలు) పరిస్తే మందపు ఇనుము పని కొంత అవే చేస్తాయి. వేడెక్కడానికి ఇంకో పావుగంట పడుతుంది, అంతే.

బొగ్గు దగ్గరికొద్దాం. మన దగ్గర గోనెసంచుల్లో అమ్మే కట్టె బొగ్గులో చాలా భాగం సర్కారు తుమ్మది. రామనాథపురం, శివగంగ, విరుదునగర్ వైపు నుంచి తమిళనాడు అంతటికీ, ఇటు మనకూ వస్తుంది. కర్ణాటకలో దాన్నే బళ్లారి జాలి అంటారు. టెక్సాస్ వాళ్లు ఇష్టపడే మెస్కీట్ కూడా ఆ జాతి చెట్టే. అంటే బొగ్గు మంచిదే, వేడి బాగా ఇస్తుంది, తంటా అంతా కాల్చిన తీరులో. సగం కాలిన ముక్కలు లోపల గోధుమరంగులో ఉంటాయి, అవి కట్టెలాగే పొగ కక్కుతాయి, ఏరి పారేయండి. రెండు ముక్కలు కొట్టుకుంటే గాజులా ఖంగున మోగాలి. మొద్దుగా చప్పుడైతే తేమ ఉన్నట్టు. వానాకాలంలో సంచి నేల మీద పెట్టి ఉంచితే తేమ పీల్చుకుంటుంది, రాజేస్తే చిటపటలాడుతూ నిప్పురవ్వలు ఎగురుతాయి. ఒక పూట ఎండబెట్టి, మూతున్న డబ్బాలో దాచుకోండి. సంచి అడుగున మిగిలే పొడిని ఫైర్‌బాక్స్‌లో పోయకండి, గాలి సందులు పూడిపోతాయి.

కొబ్బరి చిప్పల బ్రికెట్లు ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి కాలే తీరు అంచనాకు అందుతుంది. కొత్తలో మీకు ఇవే నయం. రాజుకోవడానికి మాత్రం ఎక్కువ సేపు పడుతుంది, ఓపిక పట్టాలి. హుక్కా కోసం అమ్మే, అగ్గిపుల్లకే అంటుకునే రకం వద్దు, అందులో మందు కలుపుతారు.

కట్టెల్లో మామిడి, జామ, చింత ధైర్యంగా వాడొచ్చు. కొడగు, చిక్కమగళూరు వైపు తోటల్లో తీసేసిన కాఫీ మొక్కల కట్టె దొరికితే వదలకండి, గట్టి కట్టె, వాసన మరీ ఘాటుగా ఉండదు. సరుగుడు బాగా మండుతుంది, వేడికి మంచిది, రుచికి ప్రత్యేకంగా ఏమీ చేయదు. నీలగిరి వద్దు, నూనె వాసన పట్టేస్తుంది. వేప చేదు. గన్నేరు విషం, ఏ రూపంలోనూ వద్దు. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, సామాన్లు దిగిన పెట్టెల చెక్క కూడా వద్దు. కట్టె కనీసం ఆరు నెలలు ఆరి ఉండాలి, చివర్లు నెర్రెలిచ్చి ఉండాలి. కట్టె ముక్కలను నీళ్లలో నానబెట్టమని చాలాచోట్ల రాస్తారు. వినకండి. నీళ్లు లోపలికి పెద్దగా దిగవు, పైనున్న తడి ఆరేదాకా నిప్పు చల్లబడి ఆవిరీ తెల్ల పొగా వస్తాయి, అంతకుమించి ఏమీ జరగదు.

పొగ మంచిదో కాదో తెలుసుకోవడానికి గొట్టం దగ్గర నిలబడి వాసన చూడండి. కళ్లు మండితే, గొంతు గీరుకుంటే లోపల మాంసానికీ అదే జరుగుతోంది. ఆకలి పుట్టించే వాసన వస్తే సరే. అసలు పొగే కనపడటం లేదని కంగారుపడి మరో ముక్క వేస్తారు చాలామంది. కనపడకపోయినా వాసన ఉంటే పని జరుగుతున్నట్టే. మొదట నిప్పులు పోసినప్పుడు వచ్చే తెల్ల పొగ పోయేదాకా మాత్రం మాంసం లోపల పెట్టకండి.

బెంగళూరు గాలి ఇంకో తలనొప్పి. జూన్, జూలై నెలల్లో పడమటి గాలి డాబాల మీద ఈడ్చి కొడుతుంది. ఇన్‌టేక్ గాలికి ఎదురుగా ఉంటే కొలిమి తిత్తి ఊదినట్టే. స్మోకర్‌ను గాలికి అడ్డంగా తిప్పండి, ఇన్‌టేక్ వైపు నీళ్ల ట్యాంకు గోడో, నిలబెట్టిన రేకో చాటు ఉండేలా చూడండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి వాన దిగితే పలుచటి రేకు మీద చినుకులు పడ్డ క్షణంలో 30, 40 డిగ్రీలు పడిపోతుంది. ఆ నెలల్లో పొద్దున్నే మొదలుపెట్టి మూడు గంటలకల్లా ముగించేయడం మంచిది. అన్నట్టు, పక్క డాబా మీద బట్టలో వడియాలో ఆరేసి ఉన్నాయేమో చూసుకుని మొదలుపెట్టండి. పొగ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం వాటి గురించే.

చికెన్ తోలు రబ్బరులా అయిందంటే వేడి తక్కువైనందుకు. కోడికి 110, 120 వద్దు. 150 నుంచి 165 మధ్య పెట్టండి, తోలులోని కొవ్వు కరిగి బిగుస్తుంది. రొమ్ము లోపల 74, తొడ దగ్గర 80 దాటితే తీసేయొచ్చు. కోడి రెండు గంటల లోపే అయిపోతుంది, దాని మీద మంట అలవాటు చేసుకోవడం తేలిక. మన మటన్ అంటే మేక, కొవ్వు తక్కువ. పెద్ద తొడను గంటల తరబడి ఉంచితే పీచు పీచుగా ఎండిపోతుంది. రస్సెల్ మార్కెట్‌లో అడిగి ముందుకాలు భుజంతో సహా తెచ్చుకోండి. రెండు గంటలు పొగలో ఉంచి, ఆ తర్వాత కాస్త మటన్ ఉడికించిన నీళ్లు పోసి ఫాయిల్‌లో గట్టిగా చుట్టేస్తే మెత్తబడుతుంది.

పంది భుజం మీద చేయి వేసిన రోజు ఒకటి గుర్తుంచుకోండి. మాంసం లోపల 65, 70 దగ్గర వేడి గంటల తరబడి కదలదు. మంట తగ్గిందని అనుకుని బొగ్గు గుమ్మరించకండి. మాంసం పైన చెమ్మ ఆవిరవుతూ చల్లబరుస్తోంది, మంటలో తప్పేమీ లేదు. ఛాంబర్ వేడి సరిగా ఉంటే ఊరుకోండి, లేదా ఫాయిల్‌లో చుట్టేయండి. చుట్టాక పొగ ఎలాగూ తగలదు కాబట్టి, బొగ్గు దండగ అనిపిస్తే వంటింటి ఓవెన్‌లో 130 దగ్గర పెట్టి ముగించినా ఎవరూ కనిపెట్టలేరు. 93 నుంచి 96కి చేరాక ఎముక చేత్తో లాగితే ఊడివస్తుంది.

వాన వస్తే స్మోకర్‌ను మూసిన బాల్కనీలోకి లాగొచ్చా అన్నారు. లాగకూడదు. బొగ్గు నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు, ప్రాణాలు తీస్తుంది. మెట్ల గది, రేకుల షెడ్డు కూడా అంతే. ముగించాక ఇన్‌టేక్, పొగ గొట్టం రెండూ పూర్తిగా మూసేయండి, లీకులు కట్టి ఉంటే నిప్పు దానంతట అదే ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ వాడుకోవచ్చు. వేడి ఇనుము మీద నీళ్లు కొడితే వంకర్లు పోతుంది, ఆవిరి మొహానికి కొడుతుంది. బూడిదలో నిప్పు మర్నాటి దాకా బతికే ఉంటుంది. మూతున్న ఇనుప బకెట్‌లోకే తీయాలి, ప్లాస్టిక్ చెత్త సంచిలోకి కాదు. ఛాంబర్ అడుగున కారిన కొవ్వు ప్రతిసారీ గీకేయండి, అది అంటుకుంటే 190 కాదు, 300 చూస్తారు. అలా అంటుకుంటే మూత ఎత్తకుండా అన్నీ మూసేసి దూరం జరగండి.

ఇక ఫ్యాన్ కంట్రోలర్. అది చేసేదల్లా వేడి తగ్గితే గాలి ఊదడం, ఎక్కితే ఆగడం. గాలి చొరబడని స్మోకర్‌లో నిండా బొగ్గు పోస్తే రాత్రంతా కాపలా కాస్తుంది, నిజమే. మీ దాంట్లో ఫ్యాన్ ఆగినా సందుల నుంచి గాలి దూరుతూనే ఉంటుంది, అది చేతులెత్తేస్తుంది. పైగా కట్టె ముక్క ఉన్నప్పుడు గాలి ఆపేస్తే మళ్లీ తెల్ల పొగే. ఆ డబ్బులో కొంత పెట్టి ప్రోబ్, తాడు, ఫర్నేస్ సిమెంట్, బొగ్గుల బుట్ట తెచ్చుకోండి.

లీకులు కట్టి, రెండు కోళ్లు పెట్టి చూశాక కూడా వేడి 30 డిగ్రీలకు మించి ఊగుతుంటే, ఫైర్‌బాక్స్ కొలతలు, పొగ గొట్టం వ్యాసం, ఎత్తు, అది ఛాంబర్‌కు మూత దగ్గర అతికి ఉందా జాలీ ఎత్తులో ఉందా అన్నది రాయండి. గొట్టం పైనే మొదలైతే వేడి మాంసాన్ని తాకకుండా మూత కిందుగా పారిపోతుంది. దాన్ని లోపలి నుంచి రేకు గొట్టంతో జాలీ దాకా దించే ఉపాయం ఒకటుంది, కొలతలు చూశాక చెప్తాను.